పడుతున్న మనిషీ, ఇద్దరు డైరెక్టర్లూ

హార్ట్‌ఫర్డ్,
1974 మార్చి 11

శ్రీ ఆర్లో బెడ్నార్ గారికి, నమస్కారాలు.

నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో సినిమా పాఠాలు చెబుతాను. మన అమెరికా మహాదర్శకులు ఆంబ్రోస్ కెల్టన్, జూడ్ వార్షక్‌ల పనితనాన్ని పోలుస్తూ ఒక పుస్తకం రాస్తున్నాను. మీరు ఇద్దరి సెట్ల మీదా వడ్రంగం చేశారని యూనియన్ వారు చెప్పారు. ఇద్దరికీ తేడా ఏమిటో పనివాడి కంటితో చూసి నాలుగు ముక్కలు రాయండి.

కళాభివందనాలతో,
ఎల్స్‌వర్త్ పిమ్

తా.క. పోయిన నెల కెల్టన్ గారి అతిథిగా బర్బాంక్ స్టూడియోకి వచ్చి షూటింగు చూశాను. అంత ఎత్తునుంచి మనిషి పడే ఆ దృశ్యం! చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు వాచిపోయాయి. ఆ సాహసి ఎవరో చెప్పగలరా?

---

బర్బాంక్,
మార్చి 18

ప్రొఫెసర్ పిమ్ గారికి,

నేను ఎనిమిదో క్లాసుతో బడి మానేశాను. మిగతాదంతా లైబ్రరీలో చదువుకున్నదే. కాబట్టి రాత మొరటుగా ఉంటే సర్దుకోండి.

తేడా అడిగారు. కెల్టన్ ఒక్కో షాటుకి నలభై టేకులు తీస్తాడు. ముప్పయ్యో టేకుకి పైనున్న లైటు మనుషులు నిలబడే నిద్రపోతారు. వార్షక్ ఒక్క టేకే తీస్తాడు. కానీ దానికోసం నిజం ఇల్లు కట్టించి, నిజంగా తగలబెడతాడు. ఎవరైనా లోపలుంటే వాళ్ల ఖర్మ. ఒకాయన మనిషిని అరగదీస్తాడు, ఇంకొకాయన విరిచేస్తాడు. రాసుకోండి.

మీ సాహసి పేరు వెండెల్ బెడ్నార్. మా అన్న. సాహసి కాదు, లైటు మనిషి. ముప్పయ్యొకటో టేకులో, సెట్టు పైన లైట్లు కట్టే చెక్కల వంతెన మీద కాలు జారి పడ్డాడు. ఆ రోజు ఒక డూపు అక్కణ్ణుంచే దూకాలి. పడ్డది డూపే అనుకున్నాం. కథ ఓడరేవు కూలీలది, డూపు వేషమూ మా పనిబట్టలూ ఒకేలా ఉన్నాయి. డూపేమో అప్పటికింకా మెట్ల దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు.

మా దగ్గర డూపు దూకితే కిందివాళ్లంతా చప్పట్లు కొట్టాలి. కొట్టకపోతే వాడికి అవమానం. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. లేచి టోపీ ఊపుతాడని రెండు నిమిషాలు చూస్తూ నిలబడ్డాం.

ఇప్పుడు కంపెనీ ఏమంటోందంటే, మా అన్న డూపు బదులు తానే దూకుతానని ఒప్పుకున్నాడట. ఏప్రిల్ 19న ప్రమాదాల బోర్డు విచారణ. అది ప్రమాదమని తేలితేనే వాడికి ఆస్పత్రి మంచం ఉంటుంది, లేకపోతే వీధే. సెట్టు మీద కంపెనీ కూడు తినని సాక్షి మీరొక్కరే. చూసింది రాసి పంపండి.

ఆర్లో బెడ్నార్

తా.క. మీ అరచేతులకి వేడినీళ్ల కాపడం పెట్టుకోండి. మా అన్నకి నడుము కింద ఏ కాపడం పెట్టినా తెలియడం లేదు.

---

హార్ట్‌ఫర్డ్,
మార్చి 25

మిత్రులు బెడ్నార్ గారికి,

‘ఒకాయన అరగదీస్తాడు, ఇంకొకాయన విరిచేస్తాడు’! పదేళ్ల పరిశోధనలో నాకు దొరకని సూత్రం ఇది. రెండో అధ్యాయానికి శీర్షికగా పెట్టాను.

‘సాహసి కాదు’ అనడం మీ కుటుంబ వినయం. నేను కళ్లారా చూశాను. వార్షక్ సినిమాల్లో మనిషి పడుతుంటే చప్పున మొహం చూపించి వదిలేస్తారు. కెల్టన్ మాత్రం నేల తాకేదాకా కన్ను తిప్పనివ్వరు. నా అయిదో అధ్యాయం మొత్తం ఆ పతనం మీదే నిలబడింది.

మీరు కోరినట్టే బోర్డుకి ఉత్తరం పంపాను. ‘వెండెల్ బెడ్నార్ ఆ క్షణపు ఆవేశానికి లొంగి, స్వయంప్రేరణతో శూన్యంలోకి అడుగు వేసిన కళాకారుడు’ అని రాశాను. మీ అన్నగారికి తప్పక మేలు జరుగుతుంది.

ఆప్తుడు,
పిమ్

తా.క. కిందికి వస్తున్నప్పుడు ఆయన మనసులో ఏముందో అడిగి రాయండి. పాదసూచికలో వేస్తాను.

---

బర్బాంక్,
మార్చి 31

పిమ్ గారూ,

మీరు చేసిన మేలుకి కంపెనీ లాయరు గాల్లో తేలిపోతున్నాడు. మీ ఉత్తరం నకళ్లు తీయించి క్యాంటీను గోడకి అంటించారు. నిన్న ఒకడు నన్నాపి, “ఏరా ఆర్లో, మీవాడు కళాకారుడటగా, ఆటోగ్రాఫు ఇప్పించవా?” అన్నాడు. వాడి రెండు పళ్లు ఇప్పుడు నా దగ్గరున్నాయి. నా ఉద్యోగం మాత్రం లేదు.

ఇకమీదట మొహమాటం లేదు. మీ కెల్టన్ కళాకారుడూ కాదు, కాకరకాయా కాదు. మా అన్న పడుతున్నప్పుడు ఆయన వీపు తిప్పి కాఫీ తాగుతున్నాడు. కెమెరా తిరుగుతుంటే దాని ముందు మనిషి పడ్డాడు, అంతే. దారిన పోయేవాడికి పర్సు దొరికినట్టు ఆయనకి షాటు దొరికింది. అదే వార్షక్ అయితే కనీసం అటు తిరిగి ఉండేవాడు. వార్షకే పెద్ద డైరెక్టరు. మీ పుస్తకంలో ఆ మాట రాసే దమ్ము మీకు లేదు.

ఆర్లో

తా.క. మనసులో ఏముందని అడిగాను. “నేల” అన్నాడు. పాదసూచికలో వేసుకోండి.

---

హార్ట్‌ఫర్డ్,
ఏప్రిల్ 6

ఆర్లో,

ఇక గారూ గీరూ అనవసరం. నీ పక్షపాతం బయటపడింది. నువ్వు వార్షక్ మనిషివి.

కాఫీయా? నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను! ఆ మధ్యాహ్నం నాతో కోడి శాండ్‌విచ్ తింటూ ఆయన స్వయంగా చెప్పిన మాటలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. విను. “పైన లైటు కుర్రాడి కాలు జారడం చూశాను ప్రొఫెసర్! మా అసిస్టెంటు ‘ఆపండి’ అని అరవబోయాడు. వాడి నోరు మూయించడానికి చెయ్యెత్తాను. ఎవరూ కదలొద్దని సైగ చేశాను. ఆ షాటు మళ్లీ పుట్టదు. అదే వార్షక్ అయితే బెంబేలెత్తి ఆపేసేవాడు. మా ఇద్దరికీ తేడా అదీ.”

అర్థమైందా, వీపు తిప్పలేదు! జారాడా దూకాడా అన్నది కళకి అనవసరం. కుడిచెయ్యి ఎత్తి, కళకోసం ఆ క్షణాన్ని కాపాడిన మనిషి. విశ్వవిద్యాలయం ముద్రతో, నా సంతకంతో రాస్తున్నాను.

ఎల్స్‌వర్త్ పిమ్

తా.క. నాకు మళ్లీ రాయకు. ఈ ఉత్తరం మీ క్యాంటీను గోడకి అంటించుకో.

---

బర్బాంక్,
ఏప్రిల్ 20

ప్రొఫెసర్ గారికి,

వద్దన్నా రాస్తున్నాను. కాఫీ సంగతి నేను కల్పించింది. మా అన్న నడుము విరిగిందంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదు. కెల్టన్‌ని తక్కువ చేస్తే మాత్రం కుడుతుందని మీ ఉత్తరాలు చదివితే తెలిసింది.

మీ ఉత్తరాన్ని గోడకి కాదు, బోర్డు ముందు పెట్టాను. లాయరు లేచి, “ఇది విన్నమాట మాత్రమే. నెల కింద ఒకటి, ఇప్పుడు ఒకటి రాసే ప్రొఫెసరు మాట చెల్లదు” అన్నాడు. బోర్డు పెద్దమనిషి దాన్ని పక్కన పెట్టేయబోయాడు. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలోంచి కెల్టన్ లేచాడు. లాయరు ఆయన కోటు పట్టుకుని కిందికి లాగుతూ, “కూర్చోండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను” అంటున్నాడు. ఆయన కూర్చోలేదు. “ప్రొఫెసరు బాగానే రాశాడు, ఒక్కటి తప్పింది. నేనెత్తింది ఎడమచెయ్యి. కుడిచెయ్యి కెమెరామన్ భుజం మీద ఉంది. అతను కదలకుండా పట్టుకున్నాను. రికార్డులో సరిగ్గా రాయండి” అన్నాడు.

సరిగ్గా రాశారు. పావుగంటలో తేల్చేశారు, ప్రమాదమేనని. వెండెల్‌కి మంచం దక్కింది. కాళ్లు దక్కలేదు.

ఇట్లు,
ఆర్లో బెడ్నార్

తా.క. ఇవాళ పేపరు వాళ్లు వార్షక్‌ని అడిగారట, మీరైతే ఆపేసేవారని కెల్టన్ అన్నాడే, నిజమేనా అని. ఆయనకి రోషం వచ్చింది. “ఎవడన్నాడు? నా సెట్టులో ఎప్పుడూ రెండు కెమెరాలు తిరుగుతాయి. ఆ మనిషి మొహం కూడా దొరికేది” అన్నాడు. అయిదో అధ్యాయం దిద్దుకోండి. సోమవారం నుంచి నాకు పని ఆయన దగ్గరే.