తోటలో పాతిన ఇత్తడి ముఖం

5 ఫిబ్రవరి 2003, బుధవారం

మెషీన్ వచ్చేసింది! పీణ్య ఫ్యాక్టరీలో మా ఆయనతో పనిచేసే చంద్రశేఖర్ ఫారిన్ నుంచి తెప్పించుకున్న మెటల్ డిటెక్టర్. ఆదివారం దాకా మాదే. చెంచా మీద పెట్టి చూశాను, కుయ్యిమంది. ఇక నిద్ర పట్టినట్టే!

సోమవారం దేవనహళ్ళిలోని మా తోట, ఇళ్ళ ప్లాట్లు వేసే లేఅవుట్ వాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది. ప్లేగు రోజుల్లో ఊరు వదిలిపోతూ మా ఆయన ముత్తాత ఇంటి అమ్మవారి ఇత్తడి ముఖాన్ని ఆ తోటలోనే పాతిపెట్టాడట. తిరిగొచ్చాక చోటు ఎవరికీ గుర్తులేదు. బుల్డోజర్ ఎక్కకముందే అమ్మను తియ్యండప్పా అని మా అత్త లక్ష్మమ్మ ఏడుస్తూనే ఉంది.

6, గురువారం

లీవు దొరికింది. కారణం జ్వరమని రాశాను, అబద్ధమేమీ కాదు.

8, శనివారం, రాత్రి

అమ్మవారి నేల మీద చెప్పులు వేసుకోకూడదు. ఉత్త కాళ్ళతో మొదలుపెట్టాను. అడుగేస్తే చాలు, కుయ్! అబ్బా, తోటంతా ఇత్తడే అనుకున్నాను. మా ఆయన గురుమూర్తి గడ్డపారతో ఒకటే తవ్వుడు. గుంట మీద గుంట. రాళ్ళు, వానపాములు. అత్త చింతచెట్టు కింద కూర్చుని ప్రతి గుంటకూ దండం పెట్టింది.

అన్నం తినడానికి కూర్చుని మెషీన్ పక్కకు కాళ్ళు చాపానో లేదో, మళ్ళీ కుయ్. నా మెట్టెలు! పొద్దున్నుంచీ నా కాలివేళ్ళనే వెతుక్కుంటున్నాను. సిగ్గుతో చచ్చాను, నవ్వుతో ఇంకాస్త చచ్చాను.

తర్వాత మెషీన్ ఆయన పట్టుకున్నాడు. ఆయన కాల్లో స్కూటర్ యాక్సిడెంట్ నాటి రాడ్డు. దానికీ కూసింది. సరే, మెట్టెలు తీసేస్తానన్నాను. అత్త దిగ్గున లేచింది. నా కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు, ఆ మాట నోట్లోంచి ఎట్లొచ్చె నీకు అని తిట్టింది. నాకూ ఒళ్ళు మండింది. అయితే నువ్వే పట్టుకో అత్తా అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. మామ పోయినప్పటి నుంచి ఆమె ఒంటి మీద గుండుసూదంత లోహం లేదు. అమ్మవారి పనంటే ఆమడ దూరం. మొగుడు లేనిదాన్ని, నేను తాకితే అమ్మకు మైల అని వెనక్కి జరిగింది. చీకటి పడేదాకా బతిమాలాను. రేపు ఒక్కసారి పట్టుకుంటానంది, అదీ మెషీన్‌ను మాత్రమేనట.

9, ఆదివారం

దొరికింది దొరికింది దొరికింది!

అత్త చేతిలో మెషీన్ నోరెత్తలేదు. ఆ మూల నుంచి ఈ మూలకు ఎంతసేపు నడిచిందో. పాడుబడ్డ బావి పక్కన మెషీన్ ఒక్కసారిగా అరిచింది. మా మెట్టెలూ రాడ్డూ అడ్డు రాకుండా మేమిద్దరం దూరంగా ఉన్నాం.  ఉండాది, అమ్మ ఈడే ఉండాదప్పా అంటూ అత్త కేక పెట్టింది.

ఆయన మోకాటి లోతు తవ్వాడు. చిలుమెక్కిన ముక్కు కనబడింది. నువ్వు పుణ్యస్త్రీవి, దిగి తియ్యమ్మా అని అత్త నన్ను పిలిచింది. నేను దిగనన్నాను. అమ్మ పిలిచింది నిన్ను, నన్ను కాదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అత్త గుంట అంచుకొచ్చింది. తర్వాత కొంగు బిగించి గుంటలోకి దిగింది. రెండు చేతులతో మట్టి తోడి, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తింది. ఇన్నాళ్ళూ ఊపిరాడిందా తల్లీ అని అమ్మవారినే అడిగింది. నాకిప్పుడు కూడా ఏడుపొస్తోంది, ఇంకు అలుక్కుపోతోంది.

10, సోమవారం

అత్త ఇంకా చేతులు కడుక్కోలేదు. అన్నం నేనే కలిపి తినిపించాను.