కూర్మన్నపాలెంలో కరాటే బోర్డు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కూర్మన్నపాలెంలో నువ్వు పెట్టిన కిక్‌బాక్సింగ్ క్లాసుకి పోయిన నెల బోర్డు మార్చాను. ఇప్పుడు దాని మీద "కరాటే" అని ఉంది. తిట్టుకో.

హాలండ్‌లో కిక్‌బాక్సింగ్‌కి స్టేడియాలు నిండుతాయనీ, థాయిలాండ్‌లో వాళ్ల ముయే థాయ్ అంటే ప్రాణం పెడతారనీ, మనవాళ్లకి మాత్రం ఏ తన్నయినా కరాటేయేననీ విసుక్కునేవాడివి. "ఇది కరాటేయేనా సార్?" అని అడిగిన తల్లుల్ని "కాదు" అని పంపేసేవాడివి. నేను "అవును" అంటున్నాను. హాలు నిండింది.

నేర్పేది మాత్రం నీ ఆటే. ఇవాళ తొడ మీద తన్నడం చూపిస్తుంటే ఒక పాప చెయ్యెత్తింది.

"సార్, కరాటేలో తొడ మీద తన్నితే ఫౌలంట. మరి మీరు నేర్పుతన్నదేటి?"

"ఇది కరాటే కాదమ్మా, కిక్‌బాక్సింగ్" అనేశాను.

బోర్డు రాసినాయన్ని రేపు మళ్లీ రమ్మన్నాను.