మనిషికి మూడు నిమిషాలు

నవంబరు 12

ప్రియమైన బెర్నడీన్,

నీ చెవులతో ఫోన్లో పోట్లాడే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాను. శాసనసభ దిగివచ్చింది! మన ఊళ్లో ఎత్తేసిన పోలింగ్ కేంద్రాన్ని మళ్లీ పెడతారట. ఓటు కోసం మంచులో నలభై మైళ్లు పోనక్కర్లేదు.

షరతు ఒక్కటే. మనం కోర్టులో గెలిస్తే నా ఫీజు రాష్ట్రమే కట్టాలి కదా, రాజీ కావాలంటే అది వదులుకోవాలట. కేసు నీది, నిర్ణయమూ నీదే. లాయరుగా నా సలహా, సంతకం పెట్టు.

నీ కార్లిస్

నవంబరు 20

ఒసేయ్ కార్లిస్,

నీకేమైనా మతి పోయిందా? మూడేళ్లు నా దగ్గర ఒక్క డాలరు పుచ్చుకోలేదు. నీ ఆఫీసు తాకట్టులో ఉందని ఊరందరికీ తెలుసు, నాకే చివరగా తెలిసింది. వాళ్ల లాయర్లకేమో నేను కట్టిన పన్నుల్లోంచి నెలనెలా ఫీజు! నీ పనిగంటల పట్టీ పంపు. మొత్తం కావాలి.

చెవిటి బెర్నడీన్

డిసెంబరు 3

ప్రియమైన బెర్నడీన్,

పట్టీ పంపుతున్నాను. ఆరేసి నిమిషాల లెక్కన రాసుకోవడం మా లాయర్ల అలవాటు, అందుకే రెండొందల పేజీలయింది. నామీద అనుమానం వచ్చిందేమోనని మనసు చివుక్కుమంది, దాచను.

నా ఆఫీసు గొడవ నీకెందుకే? ముందు నీ ఓటు. జనవరిలో సభాసంఘం ఈ ఒప్పందాన్ని విచారిస్తుంది. ఆ రోజు నాకు వేరే వాయిదా ఉంది, రాలేను. సంతకం మాత్రం ఆపకు.

కార్లిస్

జనవరి 24

నా పిచ్చి కార్లిస్,

అనుమానమా? నీ మొహం! సంతకం పెట్టాను. పెట్టి, రాజధానికి వెళ్లాను.

సభాసంఘం ముందు ఎవరైనా మాట్లాడొచ్చు కదా, మనిషికి మూడు నిమిషాలు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు, నీ పట్టీ చదివాను. "ఫిబ్రవరి తొమ్మిది. మంచు తుఫాను. వాంగ్మూలం కోసం ఇంగ్రిడ్ ఇంటికి. నిద్రపోతోంది, లేపలేదు. రెండు గంటలు కూర్చున్నాను. ఫీజు వద్దు."

గంట కొట్టారట, నాకెక్కడ వినబడుతుంది? ఛైర్మన్ చెయ్యూపితే దిగాను. నా వెనకే ఇంగ్రిడ్ నడక బండి తోసుకుంటూ వచ్చి, "నన్ను లేపకుండా కూర్చున్నది ఆ లాయరమ్మే" అని, పట్టీ తీసుకుని నేను ఆపిన చోటునుంచి చదవడం అందుకుంది. ఆమె తర్వాత దుంపల లారీ నడిపే డ్వేన్. ఆ తర్వాత అతని భార్య. ఛైర్మన్ తలెత్తి చూశాడు. "ఇంకా ఎంతమందమ్మా?" "నలభై ముగ్గురం. బస్సు బయటే ఉంది," అన్నాను.

మధ్యాహ్నానికి సభ్యులంతా ఫోన్లు పక్కన పెట్టేశారు. కార్లిస్, ఏమీ వినబడని నాకు కూడా ఆ గది నిశ్శబ్దం తెలిసింది! చివరికి ఆ షరతు రాసిన పెద్దమనిషే లేచి, దాన్ని కొట్టేయమన్నాడు. నిన్న సభ కూడా ఒప్పుకుంది. పోలింగ్ కేంద్రమూ మనదే, నీ ఫీజూ రాష్ట్రమే కడుతుంది.

బెర్నడీన్

జనవరి 29

ప్రియమైన బెర్నడీన్,

ముప్పై తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటిది కనలేదు, వినలేదు. అలవాటు కొద్దీ పట్టీ తీసి ఈ రోజు ఇలా రాసుకున్నాను:

"బెర్నడీన్ ఉత్తరం. రెండుసార్లు చదివాను. ఏడ్చాను. పన్నెండు నిమిషాలు. ఫీజు వద్దు."

నీ కార్లిస్