పదేళ్ల గ్యారంటీ

పాలెం, బోగోలు మండలం
ఆగస్టు 19, మంగళవారం

విజయకు, ఊరందరికీ నీ మొగుడు, నీకు మాత్రం బావ అయిన ముత్యాలయ్య రాసేది. ఇక్కడ మేమంతా కులాసా, కువైట్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టాను. మన అమ్మాయి భవాని కులాసాగా ఉంది. పదో తరగతి పుస్తకాలు అటకెక్కించి ఫోను చూస్తోంది, అంటే ఆరోగ్యానికి లోటేమీ లేదు. నేనూ ఉన్నాను. మీ అమ్మ సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు, కింద రాస్తాను. తొందరపడి కిందకు దూకకుండా వరసగా చదువు.

నీ ఉత్తరం, ఖర్జూరాలు మెర్లిన్ తెచ్చి ఇచ్చింది. నీ వీధిలోనే పనిచేసే మనిషి కదా, నీ గురించి అడిగితే "బాగానే ఉండాదన్నా" అని తల దించుకుంది. నేను గుచ్చి అడగలేదు. ఆమె సెలవు అయిపోయింది, రేపు బయల్దేరుతుంది. సాయంత్రం బస్సులో మనుబోలు పోయి ఈ కాగితం ఆమె చేతిలో పెడతాను. గురువారానికి నీకు అందాలి. శుక్రవారం మీ మేడమ్ ఇచ్చే పదిహేను నిమిషాల ఫోనులో ఈ మాటలు పట్టవు. పట్టినా నా నోటికి రావు.

ముందు సోలారు ప్యానెళ్ల సంగతి అడిగావు. నాలుగూ మిద్దె మీద బాగానే ఉన్నాయి. ఉప్పుగాలికి అంచులు తెల్లబడుతుంటే వారానికి రెండుసార్లు మంచినీళ్లతో కడుగుతున్నాను. పద్దెనిమిది వందలు వచ్చే బిల్లు నూట ఇరవైకి దిగింది. ముత్యాలు సూర్యుడికి కూడా వల వేసినాడని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. మొదట్లో నాకు ఆ మాట బాగానే ఉండేది.

పోయిన నవంబరు తుఫానులో అవి ఎందుకు పనిచేయలేదో నీకు అర్థమయ్యేటట్టు రాయమన్నావు. కావలి ఏజెంటు పెంచలకృష్ణ చెప్పినట్టే రాస్తాను. మనది లైనుకు కలిపిన రకం. పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు స్తంభం మీదకు పోతుంది, రాత్రికి కావలసింది స్తంభం నుంచి వస్తుంది. లైను పోతే ప్యానెళ్ల కరెంటును మార్చే మన ఇన్వర్టరు పెట్టె కూడా దానంతటదే ఆగిపోతుంది. ఆగకపోతే మన మిద్దె మీది కరెంటు తీగల్లోకి పోయి, తెగిన తీగ కలుపుతున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుందట. అందుకని దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. తుఫాను పోయిన మర్నాడు ఎండ ఫెళ్లున కాసింది. మిద్దె మీద అంత ఎండ పెట్టుకుని, కింద మీ అమ్మ ఊపిరి మిషను ఆగిపోయి, నేనూ భవానీ వంతులేసుకుని విసనకర్రతో విసిరాం. కావలి రోడ్డు మీద మొలలోతు నీళ్లు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరుతో రెండు రోజులు నెట్టుకొచ్చాం.

ఇక్కడ ఒక అబద్ధం దిద్దాలి. ఏజెంటు ఈ సంగతి ముందు చెప్పలేదని నీకు ఫోనులో చెప్పాను. చెప్పాడు. మన గుమ్మంలో నిలబడి మరీ చెప్పాడు.

"అన్నా, లైను పోతే ఇదీ పోతాది. ఇంట్లో ఊపిరి మిషను ఉండాదంటున్నావు. బ్యాటరీ కూడా పెట్టించుకో."

"బ్యాటరీల సంగతి నాకు చెప్పబాకబ్బయా," అన్నాను. "బోటు మీద ఏటికొకటి పారేస్తా ఉండాను. ఈ ఉప్పుగాలికి ఏ బ్యాటరీ నిలిచింది?"

నా తెలివి అది. పదిహేడేళ్లుగా సముద్రం మీద బ్యాటరీలు చచ్చిపోవడమే చూశాను కాబట్టి ఇంట్లో పెట్టేదీ చస్తుందనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. మన బోటులో ఇంజనుకు ఒక పాలు, వలకు ఒక పాలు, వేటకు దిగిన మనిషికి ఒక పాలు. దిగనివాడికి పాలు లేదు. ప్యానెలు రోజూ వేటకు పోయి కరెంటు తెస్తుంది, బ్యాటరీ మూలన కూర్చుంటుంది, దానికెందుకు పాలివ్వాలి అనుకున్నాను. నువ్వు పంపింది రెండు లక్షల అరవై వేలు. ప్యానెళ్లకు లక్షా నలభై అయింది, అందులో అరవై వేలు గవర్నమెంటు తిరిగి ఇచ్చింది. మిగిలిన లక్షా ఎనభై బోటు ఇంజనుకు, వలలకు పెట్టాను. అది నీకు చెప్పే చేశాను, నువ్వూ సరేనన్నావు. బ్యాటరీ వద్దనుకుంటేనే ఆ డబ్బు మిగిలిందన్న మాట మాత్రం నీకు చెప్పలేదు. ఆ ఇంజను కూడా ఈ ఏడు ఒరగబెట్టింది లేదు. ఒడ్డుకు దగ్గర్లో చేప లేదు, దూరం పోతే డీజిలు ఖర్చు కూడా రావడం లేదు. బోటులో నా వాటా అమ్ముదామని నలుగురిని అడిగాను. అందరూ తమ వాటాయే కొనమన్నారు.

ఇప్పుడు నువ్వు అడిగిన ధరలు. పోయిన సోమవారం కావలిలో మూడు షాపులు తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా నువ్వు అడిగావు. నీ లెక్క ప్రకారం మిషను రాత్రికి పది గంటలు నడవాలి, అంటే మూడున్నర యూనిట్లు. మామూలు ఇన్వర్టరు, రెండు పెద్ద నీళ్ల బ్యాటరీలు అయితే యాభై అయిదు వేలు. ఆరు గంటలు ఆగుతాయి. అవి మళ్లీ నిండాలంటే లైను రావాలి, కాబట్టి తుఫాను రెండో రోజుకు అవీ మిషను పక్కన బొమ్మలే. రెండో రకం లిథియం బ్యాటరీ. దానికి మన పెట్టె కూడా మార్చాలి. మొత్తం కలిపి ఒక షాపులో లక్షా తొంభై అయిదు, ఇంకో షాపులో లక్షా ఎనభై ఎనిమిది, పెంచలకృష్ణ దగ్గర లక్షా ఎనభై. లైను పోయినా ప్యానెళ్లు దాన్ని నింపుతాయి. ఎండ ఉన్నంత కాలం మిషను ఆగదు. సబ్సిడీ ప్యానెళ్లకే, బ్యాటరీకి రాదు. లక్షా ఎనభై అనగానే నేను రెండోసారి అడగకుండా తల ఊపాను, ఎందుకంటే ఆ అంకె నాకు బాగా తెలుసు.

నీకు నెలనెలా వచ్చేది మందులకు, సిలిండరుకు, భవాని ఫీజుకు, ఇంటికి సరిపోతోంది. గీచి గీచి మిగిల్చినా బ్యాటరీకి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మేడమ్ కొత్త ఒప్పందం మీద తొమ్మిది నెలలకు సంతకం పెట్టనివ్వదు, పెడితే రెండేళ్లే అని రాశావు. "రెండేళ్లే కదా బావా, అమ్మ బాగానే ఉంది కదా, మిషను రాత్రిళ్లు మాత్రమే కదా, పెట్టేస్తాను" అని కూడా రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నీ లెక్క తప్పు విజయా. తప్పు లెక్క నీకు ఇచ్చింది మేమే. తుఫాను తర్వాత మీ అమ్మకు మిషను పగలూ రాత్రీ పెడుతున్నాం. ముక్కులో గొట్టం తీస్తే మంచం మీద నుంచి గడప దాకా కూడా రాలేదు. జూన్‌లో నెల్లూరు పెద్ద డాక్టరు నన్నొక్కడినే లోపలికి పిలిచి, ఏడాది, బాగా చూసుకుంటే ఇంకో రెండు మూడు నెలలు అన్నాడు. డాక్టరు మందులు మార్చాడని నీకు చెప్పాను. అది నిజమే, అందులో సగం.

ఇది తెలిసి ఉండి షాపులో నేనేం చేశానో విను. పెంచలకృష్ణ ఆ లిథియం పెట్టె మీద చెయ్యి వేసి, "పదేళ్ల గ్యారంటీ అన్నా, కళ్లు మూసుకుని తీసుకో," అన్నాడు.

"తక్కువలో ఏడాది వచ్చేది ఏదన్నా ఉండాదా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "ఏడాది వచ్చేది కావాలని ఎవురడుగుతారన్నా. అందరూ ఎక్కువ నాళ్లు వచ్చేదే అడుగుతారు."

 నా ముఖం చూసి అతను నవ్వు ఆపేశాడు, టీ తెప్పించాడు. మీ అమ్మ నాకు అత్తగారు కాకముందు మేనత్త. మా అమ్మ పోయాక ముళ్లు తీసి చేప ముక్క నా నోట్లో పెట్టిన మనిషి. ఆమె ప్రాణాన్ని నేను బ్యాటరీ పక్కన నిలబెట్టి, ఏది ముందు పోతుందని కొలిచాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

మొన్న గురువారం పెంచలకృష్ణ బ్యాటరీ ఎక్కడ పెట్టాలో చూసిపోదామని ఇంటికి వచ్చాడు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కొలతలు తీసుకుని అతను పోయాక అత్త నన్ను పిలిచింది. ఆమె ఇప్పుడు నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. నువ్వు చదివేటప్పుడు అట్లా ఆగి చదువుకో.

"ముత్యాలూ, ఆ పెట్టె ఎన్నేళ్లు వస్తాదంట?"

"పదేళ్లత్తా."

"నేను పోయినాక దాన్నేం జేసుకుంటావు? బోటు మీద పెట్టుకుంటావా?"

"నువ్వు గమ్మునుండు."

"గమ్మునే ఉంటాలే. ఇంకెన్నాళ్లు మాట్లాడతా. ఒరే, పెట్టె వొద్దురా. నా బిడ్డ గావాల నాకు. దాన్ని వచ్చేయమను."

నీ ఉత్తరం అడుగున, మడతలో చిన్నగా రాసిన ఒక మాట ఉంది. దానికి జవాబు ఎట్లా రాయాలో తెలియక ఇంతసేపు ధరలూ యూనిట్లూ రాస్తూ కూర్చున్నాను. "అమ్మకు నా మీద కోపమా బావా? రెండు మాటలు మాట్లాడి ఫోను నీకు ఇచ్చేస్తోంది. నేను ఇంత దూరం వచ్చానని మనసు విరిగిందా?" అని అడిగావు.

కోపం కాదు. శుక్రవారం నీ ఫోను మోగగానే మిషను ఆపేయమంటుంది. ఆ చప్పుడు నీకు వినబడకూడదని. సిలిండరు పెడతానంటే ఒప్పుకోదు, అది కరెంటు పోయిన రోజుకు ఉంచాలంటుంది. గొట్టం తీసి, ముఖం తుడుచుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని "బాగుండానమ్మా, నువ్వు తిన్నావా" అని నిన్ను అడుగుతుంది. ఆ రెండు మాటలకే ఆమె పెదవులు నల్లబడతాయి. అప్పుడు ఫోను నాకు ఇస్తుంది. నేను నీతో బిల్లుల సంగతి, భవాని సంగతి మాట్లాడుతూ రెండో చేత్తో ఆమె ముక్కుకు గొట్టం పెడుతుంటాను. నువ్వు ఫోను పెట్టేదాకా మిషను వేయనివ్వదు. తర్వాత మామూలు మనిషి కావడానికి గంట పడుతుంది. తొమ్మిది నెలలుగా ప్రతి శుక్రవారం ఇదే. బొత్తాం నొక్కి ఆపేది నేనే.

"నేను బాగలేనని తెలిస్తే పెట్టె కొనాలని ఆడ్నే ఉండిపోతాది, బాగుండానంటే వచ్చేస్తాది" అని ఆమె నా చేత ఒట్టు వేయించుకుంది. నేనూ నమ్మాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, ఆమె బాగుందనుకునే నువ్వు ఇంకో రెండేళ్లకు సిద్ధపడ్డావు. తల్లీబిడ్డలు ఒకరి కోసం ఒకరు దాచుకుంటుంటే మధ్యలో నేను ఇద్దరికీ తలూపాను.

అందుకే ఒట్టు తప్పి రాస్తున్నాను. సంతకం పెడితే బ్యాటరీ వస్తుంది, అది వచ్చేసరికి ఆమె ఉండదు. ఉన్నా నువ్వు ఉండవు. పెట్టకపోతే వచ్చే నెలాఖరుకు నువ్వు వస్తావు. బ్యాటరీ రాదు, ఆ వెనకే తుఫానుల నెలలు వస్తాయి. లైను రెండు రోజులు పోతే, నువ్వు వచ్చి చూసేది ఆమె ఊపిరికి కొట్టుకోవడమే కావచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి, రెండూ తవ్వింది నేనే. నన్ను అడిగితే వచ్చేయమంటాను. కానీ నా మాట విని చేసిన పనులు ఎట్లా అయ్యాయో చూశావు, కాబట్టి నువ్వే తేల్చుకో. ఏది చేసినా నిన్ను ఒక్క మాట అనేవాళ్లు ఈ ఇంట్లో లేరు.

ఈ శుక్రవారం నేను బొత్తాం నొక్కను. ఆమె ఎంత సైగ చేసినా సరే. నువ్వు ఫోను చేసినప్పుడు మాటల వెనక బుస్ బుస్‌మని ఒక చప్పుడు వస్తూ ఉంటుంది, అది మిషను. దాని గురించి అడగవద్దు, ఏడవవద్దు. ఆ పదిహేను నిమిషాలూ ఆమెతోనే మాట్లాడు, ఫోను నాకు ఇవ్వనవసరం లేదు. ఎప్పుడూ చేసే వేళకు మాత్రం చేయకు. శుక్రవారం లైను పనులున్నాయి, తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు ఉండదని నిన్న చెప్పిపోయారు, ఆ అయిదు గంటలూ సిలిండరే. మేడమ్‌ను ఎట్లాగైనా బతిమాలుకుని ఇక్కడి టైములో రెండు దాటాక చెయ్యి.

ఇట్లు,
నీ బావ
ముత్యాలయ్య