నిరాకరించారంట!

కర్నూలు, 2007 మే, మంగళవారం

ఈపొద్దు రంగమ్మ మా ఆస్పత్రికొచ్చింది. గర్భసంచి మూతి క్యాన్సరు, బాగా ముదిరింది. "పోయిన ఎండాకాలం మా మగ్గాల వీధికొచ్చి ఈ రోగం తెచ్చే వైరస్‌కు పరీక్షంటివి కదమ్మా, నా రిపోర్టు ఏమాయ?" అని అడిగింది.

ఆ వీధి ఆడోళ్లంతా సిగ్గు చంపుకొని నమూనాలిచ్చినారు. అవి పెట్టిన ఐసు పెట్టె జీపులో ఉండంగానే, పరిశోధన నడిపే మా పెద్దసారు పెండ్లాం బిడ్డలతో ఆ జీపులోనే మహానందికి పోయినాడు. ఐసు కరిగి అన్నీ చెడిపోయినాయి. మళ్లీ తీద్దాం సార్ అంటే వద్దన్నాడు. పరిశోధన పేపర్లో మాత్రం 'అక్కడి స్త్రీలు పరీక్షకు నిరాకరించారు' అని రాసుకున్నాడు. నేనూ నోరు మూసుకుంటి. అది నా పాపమే.

రేపు మీటింగులో పెద్దల ముందర ఆ మాటే చదువుతాడు. చదవనీ. పరీక్షకు ఒప్పుకుంటూ ఆ ఆడోళ్లు వేలిముద్రలేసిన కాగితాల కట్ట నా బీరువాలోనే ఉండాది. పేర్లు మూసి, ఆయప్ప ముందరే బల్ల మీద పరుస్తా. అప్పుడు ఆ మొగం చూడాల నేను.

రంగమ్మకు నిజం చెప్పేసినా. ఎవరు చేసినారని గుడక అడగలేదు.

"అయితే మా చెల్లెలిది గుడక చూళ్లేదామ్మా?" అనింది.

ఎల్లుండి పిల్చుకొని రమ్మన్నా. ఇంటికొచ్చి చెల్లెలి కాగితం వెదికి, కట్టకు పైన పెట్టినా.