ఒకే గుజ్జు, రెండు ప్లేట్లు

బంగారుపాళ్యం, 12-6-84, మంగళవారం

నా చేతులు మురికివట! నేను పరీక్ష చేస్తేనే మామిడి గుజ్జులో సూక్ష్మజీవులు ఎక్కువ కనబడతాయని ఫ్యాక్టరీ మేనేజరు నెలరోజులుగా ఒకటే సణుగుడు. నాకంటే ముందున్న కెమిస్టు, వాటిని పెంచే అగర్ జావను పొగలు కక్కుతుండగానే ప్లేటులోని గుజ్జు మీద పోసేవాడు. ఆ వేడికి సగం అక్కడే చచ్చేవి. నేను ఫ్లాస్కును చెంపకు ఆనించి చూసుకుని, ఓర్చుకునేంత చల్లారాకే పోస్తాను. ఇదా నా తప్పు?

మొన్న ఒకే గుజ్జుకు రెండు విధాలా అగర్ పోశాను. ఈరోజు ఆ ప్లేట్లు ఆయన ముందు పెట్టాను. వేడిగా పోసినదాంట్లో నాలుగే తెల్ల చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో సూక్ష్మజీవి పెరిగిన గుంపు. చల్లార్చి పోసినదాంట్లో లెక్కపెట్టలేనన్ని.

"చూడండి సార్, రెండూ ఈ చేతులతో పోసినవే" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఈ మాట ముందే సెప్పుండొచ్చు కదమ్మా! రేపట్నించి వేడిదే పొయ్యి."