ఏ తాత అని అడగలేదు

బిషాన్,
సింగపూర్, మార్చి 4.

లలితకుమారి మేడంగారికి, మీ ఆమని నమస్కారాలు.

మీరు చెవి మెలేసి లైబ్రేరియన్‌ని చేసిన ఈ శిష్యురాలు సోమవారం రాజీనామా ఇస్తోంది. తిట్టే హక్కు మీకే ఉంది కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

కిందటి వారం మా పరిశోధన గ్రంథాలయానికి సాంబమూర్తి అనే ఆయన వచ్చాడు. షిప్‌యార్డులో పని, శ్రీకాకుళం మనిషి. "మా తాత ఈ దేశం వొచ్చాడో లేదో సూడాలి మేడం. మా అమ్మ పుట్టకముందే, 1951లో ఓడెక్కాడంట. ఊళ్లో ఎవుర్తోనో లేచిపోయాడనీవోరు" అన్నాడు. తెలుగు వినగానే నాకు ఎక్కడలేని హుషారు. ఇంటిపేరు అడిగాను. పొట్నూరు అన్నాడు. 1951 ఓడ ప్రయాణికుల జాబితాలన్నీ ఆ పేరుతో వెతికి, లేడని చెప్పేశాను. ఆయన అక్కడే తల్లికి ఫోన్ చేసి చెప్పాడు.

నిన్న రైల్లో ఉండగా తట్టింది. ఆయన చెప్పింది అమ్మ తరఫు తాత గురించి. ఆ తాత ఇంటిపేరు వేరే కదా! అమెరికాలో తొలితరం రిసెర్చి లైబ్రేరియన్ల గురించి చెబుతూ, పుస్తకాన్ని వెతికే ముందు మనిషిని పూర్తిగా అడగాలని మీరు నూరిపోశారు. పధ్నాలుగేళ్ల తర్వాత, శాఖకు పెద్దను చేస్తామంటున్న సమయంలో, ఒక ముసలామెకు మీ నాన్న లేచిపోయాడని నా నోటితోనే ఖాయం చేశాను. సిగ్గుగా ఉంది.

ఆమని

బిషాన్,
మార్చి 9.

మేడంగారూ,

సాంబమూర్తికి ఫోన్ చేసి తాత ఇంటిపేరు కనుక్కున్నాను. పది నిమిషాల్లో దొరికాడు. ఆదివారం ఆ జాబితా నకలు పట్టుకుని లిటిల్ ఇండియా వెళ్లి ఆయన్ని కలిశాను. ఆయన తల్లి అరుణమ్మగారికి వీడియో కాల్ కలిపాడు. తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ఏటని రాసున్నాదో సదువమ్మా."

"గేదెల అప్పన్న, ఇరవై నాలుగేళ్లు. చెన్నపట్నం నుంచి ఒంటరిగా వచ్చి సింగపూర్‌లో దిగాడు."

"మా అయ్యే. నాకు మనువైనాక గేదెలోరి పిల్లని నన్నెవులూ పిలవలేదు. ఇంటిపేరంటే ఏటో తెలిసినదానివి నువ్వుండబట్టి దొరికాడమ్మా. ఇంకోపాలి సదువు."

తెలుగు విన్న హుషారులో పొరపాటు చేశాను, తెలుగువాళ్ల ఇంటిపేర్ల సంగతి తెలిసుండబట్టే దాన్ని పట్టుకోగలిగాను. ఈ మాట మీరైనా ఇంత తేలిగ్గా చెప్పి ఉండరు. రాజీనామా ఇవ్వడం లేదు మేడం.

రెండోసారి చదివాను. ఆవిడ ఫోన్ పక్కింటివాళ్ల వైపు తిప్పి, "ఇప్పుడు గట్టిగా సదువమ్మా, ఈళ్లకీ వినబడాల" అంది.

మీ
ఆమని